‘అన్నానట’ అని రాశారు మీరు

ప్రశ్న: నా వయసు 72. జమ్మలమడుగులో ఉంటాము. హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మూడు తరాలుగా క్రైస్తవులం, నేను కొన్నాళ్ళు సంఘ పెద్దగా కూడా ఉన్నాను. మా దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ. చర్చి) ఏర్పడిన 1947లో మా నాయన కొన్న బైబిలు మా ఇంట్లో ఉంది. దాని ముందున్న ఖాళీ పేజీల్లో మా ఇంట పుట్టిన ప్రతి ఒక్కరి వివరమూ రాసి ఉంటుంది. సర్టిఫికెట్‌లో నా పుట్టినరోజు జూలై 1. అసలు తేదీ ఫిబ్రవరి 11 అని ఆ పేజీ వల్లనే తెలుసు. నాయన తర్వాత నేను రాస్తున్నాను. పెద్ద మనవడు పన్నెండేళ్ళ కిందట జూన్ 14, శుక్రవారం, వేకువజామున 4.10కి పుట్టాడు, బయట వాన. ఆసుపత్రి నుంచి రాగానే రాశాను. రెండోవాడు సెప్టెంబర్ 2, మధ్యాహ్నం 1.35. కూతురి కొడుకు డిసెంబర్ 19, రాత్రి 9 గంటలు, క్రిస్మస్ పాటల బృందం మా వీధిలో ఉండగా. చిన్న కొడుక్కి ఇద్దరూ ఆడపిల్లలు. పెద్దది ఆగస్టు 8, చిన్నది మార్చిలో. చిన్నదాని వివరం బాప్తిస్మం అయ్యాక రాద్దామని ఆపాను.

ఇప్పుడు ఆ చిన్నదాని మొదటి పుట్టినరోజు కర్నూలులో ఫంక్షన్ హాలు తీసుకుని చేస్తున్నారు. ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే శ్రమల దినాల్లో, ఒక ఆదివారం, కేకు, డీజే. మాకు ఫోను చేసి చెప్పలేదు, వాట్సాప్ గ్రూపులో కార్డు పెట్టారు. పాప పేరు కూడా ఆ కార్డులోనే తెలిసింది. కోడలి పుట్టింటివాళ్ళు అనంతపురంలో పెంతెకొస్తు సంఘానికి వెళతారు. బిడ్డకు బాప్తిస్మం ఇప్పించకుండా అక్కడ ప్రతిష్ఠ (బిడ్డను దేవునికి సమర్పించే ప్రార్థన) చేయించారు. మావాణ్ణి వాళ్ళే తిప్పేశారు. కోడలు మా ఇంటి గడప తొక్కి ఏడాది కావస్తోంది. పాప పుట్టిన రోజు ఆసుపత్రి వరండాలో నేను ఎవరితోనో ఫోనులో ఏదో ఒక మాట అన్నానట, అది ఆమె విన్నదట. నాకైతే గుర్తు లేదు. బైబిలులో పుట్టినరోజు పండుగ చేసుకున్నవారు ఫరో, హేరోదు అనే రాజులిద్దరే. ఆ రెండు విందుల్లోనూ ఒక మనిషి ప్రాణం పోయింది. శ్రమల దినాల్లో ఈ వేడుక తగునా? ఈస్టరు తర్వాతకు మార్చమని కొడుక్కి గట్టిగా చెప్పాలా? వెళ్ళకుండా ఊరుకోవాలా? వెళితే ఏమి కానుక పెట్టాలి?

జవాబు: హెడ్మాస్టరు గారూ, మీరు అడిగినదానికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. శ్రమల దినాలు నలభై అంటాం. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు దాకా 46 రోజులు. అందులో ఆరు ఆదివారాలు తీసేస్తేనే నలభై. ఆదివారం ఆ లెక్కలోకే రాదు. సంఘ పెద్దగా చేసినవారు, మీకు తెలియనిది కాదు. డీజే చప్పుడు పడకపోతే వెనక వరుసలో కూర్చోండి. డిసెంబరులో తెల్లవారుజామున నాలుగు గంటలకే గుడి మీద మైకు పెట్టి ఊరంతా లేపిన తరం మనది, చప్పుడు గురించి మనం మాట్లాడకూడదు. బాప్తిస్మమా ప్రతిష్ఠా అన్నది ఇద్దరు అయ్యగార్లను ఎదురెదురుగా కూర్చోబెట్టినా తేలేది కాదు. ఆ పిల్ల పెద్దయ్యాక తానే తేల్చుకుంటుంది. ఫరో, హేరోదుల దగ్గరికి మళ్ళీ వస్తాను.

మీ ఉత్తరం రెండోసారి తేదీల కోసం చదివాను. పెద్ద మనవడికి వారం, గంట, నిమిషం, పైగా వాన. రెండోవాడికి గంటా నిమిషమూ. కూతురి కొడుక్కి గంట, వీధిలో పాటలు. పెద్ద మనవరాలి దగ్గరికి వచ్చేసరికి గంట పోయి తేదీ ఒక్కటే మిగిలింది. చిన్నదాని దగ్గరికి వచ్చేసరికి తేదీ కూడా పోయింది. ‘మార్చిలో’ అన్నారు. మీ తగవంతా ఆ పిల్ల పుట్టినరోజు ఏ రోజున చేయాలన్నదాని మీద. అది ఏ రోజో ఉత్తరం మొత్తంలో ఎక్కడా లేదు. బాప్తిస్మం అయ్యాక రాద్దామని ఆగాను అంటున్నారు. పెద్ద మనవడి విషయంలో ఆసుపత్రి నుంచి రాగానే రాశానని మీరే చెప్పారు. వాడికి ఆసుపత్రిలోనే బాప్తిస్మం ఇప్పించారా?

ఇక ఆ ‘ట’ సంగతి. తెలుగులో అది చాలా పనికొచ్చే అక్షరం. ఊళ్ళోవాళ్ళ విషయాలకు వాడతాం: వాళ్ళింట్లో గొడవట, పిల్ల అలిగి వచ్చేసిందట. మన నోటి నుంచి వచ్చిన మాటకు దాన్ని తగిలించామంటే ఆ నోరు పొరుగింటివాళ్ళది అయిపోయినట్టే. ‘అన్నానట, విన్నదట.’ పన్నెండేళ్ళ కిందటి వాన గుర్తున్న మనిషికి పోయిన మార్చిలో అన్న మాట గుర్తు లేదంటే నేను నమ్మను. ఒకవేళ నిజంగా మరిచిపోయి ఉంటే మీ ఇంట్లో ఆమెను అడగండి, పొల్లు పోకుండా చెబుతుంది. ఉత్తరంలో ఆమె జాడ ‘ఉంటాము’ అన్న బహువచనంలో తప్ప మరెక్కడా కనబడలేదు కానీ, ఆ వరండాలో ఆమె కూడా ఉండే ఉంటుంది.

మాట ఏదో మీరు రాయకపోయినా ఈ జిల్లాల్లో పుట్టినవాళ్ళకు తెలుసు. ‘మళ్ళీ ఆడపిల్లే’ అని ఉంటారు. లేదా ‘ఏం చేస్తాం, దేవుని చిత్తం’ అని ఉంటారు. క్రైస్తవ ఇళ్ళలో నేను ఎక్కువగా విన్నది ఈ రెండోదే, నన్నడిగితే ఇదే ఎక్కువ ఘోరం. మనిషి పోయినప్పుడు అనే మాటను బిడ్డ పుట్టినప్పుడు అన్నారు. బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమని మీ బడి సైన్సు పుస్తకంలోనే ఉంది. మీ కొడుకును మాత్రం ఆ రోజు ఎవరూ ఏమీ అని ఉండరు.

ఆపరేషనో, మామూలు కాన్పో మీరు రాయలేదు. ఏదైనా కానివ్వండి, స్ట్రెచర్ మీద వార్డుకు తెస్తున్నారు. నోరు పిడచకట్టుకుపోయి ఉంది, నీళ్ళు అడిగితే కాసేపు ఆగమన్నారు. బిడ్డ ఎవరి చేతుల్లో ఉందో తెలియదు. పైకప్పు లైట్లు ఒక్కొక్కటే తల మీదుగా వెనక్కి పోతున్నాయి. స్ట్రెచర్ చక్రం ఒకటి కిర్రుమంటోంది. అంతలో మామగారి గొంతు. ఏళ్ళ తరబడి చివరి బెంచీ దాకా వినబడేలా పాఠం చెప్పిన గొంతు అది. మెల్లగా అన్నాననుకున్నా మెల్లగా వచ్చి ఉండదు.

నేను నలుగురు ఆడపిల్లల్లో నాలుగోదాన్ని. నేను పుట్టినప్పుడు మా జేజి, అంటే మా నాయనమ్మ, మూడు రోజులు పురిటి గదిలోకి రాలేదట. (ఇక్కడ ‘ట’ వాడే హక్కు నాకుంది, నేను మూడు రోజుల పసిగుడ్డును.) ఆ సంగతి మా అత్త చెబితే తెలిసింది, మా అమ్మ ఒక్కసారి కూడా ఎత్తలేదు. జేజికి ముద్దలు కలిపి పెట్టింది, మంచాన పడితే పదేళ్ళు చేసింది. ఎనభై దాటాక అమ్మకు మనుషులు గుర్తు లేకుండా పోయారు. ఒక రాత్రి నా చెయ్యి పట్టుకుని ‘మీ జేజి లోపలికి వచ్చి చూసిందా?’ అని అడిగింది. జేజి పోయి అప్పటికి ముప్పై ఏళ్ళు.

అందుకని మీ ఉత్తరంలో కొడుకు గురించి రాసినదాన్ని నేను పట్టించుకోను. వియ్యాలవారు తిప్పారన్నదాన్ని అసలే పట్టించుకోను. మీ కొడుకుతో మీకు తగవు లేదు. ఫోను చేస్తే ఇటు భార్య వింటుంది, అటు మీరు గొంతు పెంచుతారు. అతనికి గ్రూపులో కార్డు పెట్టడం తప్ప దారి లేకపోయింది. తగవు మీకూ కోడలికీ మధ్య. దాన్ని తీర్చవలసినవారు మీరే, ఆమె కాదు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ ముందు తగ్గితే పెద్దరికం పోతుందని మన ఇళ్ళలో నేర్పారు. తప్పు చేసి తగ్గని పెద్దరికానికి నేనైతే లేచి నిలబడను.

మీ నాయన ఆ పేజీ ఎందుకు మొదలుపెట్టారో ఒకసారి ఆలోచించండి. లండన్ మిషన్ కడపకు వచ్చింది 1822లో. జాతకం రాయించుకునే స్తోమత కొన్ని ఇళ్ళకే ఉన్న రోజులవి. మిగిలినవాళ్ళ పిల్లలు ‘కరువు ఏడు’ పుట్టారు, ‘పెన్నకు వరదొచ్చిన ఏడు’ పుట్టారు. బడిలో చేర్చేటప్పుడు అయ్యవారు పిల్లవాణ్ణి ఎగాదిగా చూసి జూలై 1 వేసేవారు. హెడ్మాస్టరుగా మీరూ ఎంతోమందికి వేసి ఉంటారు. అలాంటి కాలంలో, మిషన్ బడిలో అక్షరం నేర్చుకున్న ఇంట్లో, ఒకాయన కలం పట్టుకుని నా బిడ్డ ఫలానా రోజున పుట్టాడని రాసుకున్నాడు. లోకం లెక్కలోకి తీసుకోని పుట్టుకను ఆయన లెక్కలోకి తీసుకున్నాడు. ఇప్పుడు మీరు ఒక పిల్లకు ఆ పేజీలో చోటే ఇవ్వలేదు, ఉత్తరంలో ‘మార్చిలో’ పుట్టించారు.

ఇక ఫరో, హేరోదు. మీరు యోబును మరిచిపోయారు. యోబు కొడుకులు ఒక్కొక్కరు తమ తమ దినాన ఇంట్లో విందు చేసి, ముగ్గురు అక్కచెల్లెళ్ళను కూడా పిలిచేవారు. ఆ దినం పుట్టినరోజే అని చెప్పే వ్యాఖ్యాతలు ఉన్నారు. విందు ఎందుకు చేస్తున్నారని యోబు కొడుకులతో గొడవ పెట్టుకోలేదు. ఆ రోజులు గడిచాక తెల్లవారే లేచి వాళ్ళ పేరున బలి అర్పించేవాడు, అంతే. ఆ గ్రంథం చివరి అధ్యాయం కూడా తీయండి. పిల్లలందరినీ పోగొట్టుకున్న కష్టాలు తీరాక ఆయనకు మళ్ళీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్ళు. కొడుకుల పేర్లు ఒక్కటీ లేవు. కూతుళ్ళవి మూడూ ఉన్నాయి: యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు. అన్నదమ్ములతో పాటు వాళ్ళకూ ఆస్తిలో భాగం ఇచ్చాడు. పేజీలో ఎవరి పేరు రాయాలో ఆ గ్రంథం రాసినవారికి తెలుసు.

పుట్టినరోజు దాకా ఆగవద్దు. హాలులో, నలుగురి ముందు, ప్రార్థన చేయమని మీకు మైకు ఇచ్చినప్పుడు సరిచేద్దామని మీ మనసులో ఉంటే తీసేయండి. ‘ప్రభువా, మాలో తెలిసీ తెలియక జరిగిన లోపాలుంటే క్షమించు’ అనడం మన పెద్దలకు బాగా అలవాటు. అందరూ ఆమేన్ అంటారు. ఎవరు ఎవరికి ఏమి చెప్పారో ఎవరికీ తెలియదు, భోజనాలకు లేస్తారు.

ఈ వారంలోనే, మామూలు రోజున, ఇద్దరూ బస్సెక్కి కర్నూలు వెళ్ళండి. వస్తున్నామని కోడలికే ఫోను చేయండి, కొడుకు ద్వారా వద్దు. ఎత్తకపోతే మీ ఇంట్లో ఆమె చేత చేయించండి. బైబిలు సంచిలో పెట్టుకోండి కానీ ముందే బయటికి తీయకండి, వాక్యం చెప్పడానికి వచ్చారనుకుంటుంది. ముందు చెప్పవలసింది చెప్పండి: ‘అమ్మా, ఆ రోజు ఆ మాట అన్నాను. అనకూడదు. తప్పు నాది.’ దీని తర్వాత ఇంకో వాక్యం వద్దు. నా ఉద్దేశం అది కాదు, మా కాలంలో అలా అనుకునేవాళ్ళం, నువ్వు మా కూతురిలాంటిదానివి, ఇవేవీ వద్దు. ఆమె ఏమీ అనకపోవచ్చు. టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళిపోవచ్చు, చాలాసేపు రాకపోవచ్చు. వెనకాలే వెళ్ళకండి. ఏడాది నుంచి ఉన్న మౌనం, ఒక టీ గ్లాసుతో పోతుందని ఆశపడకండి.

ఆమె వచ్చి కూర్చున్నాక పేజీ తెరవండి. పాప ఏ రోజున, ఎన్ని గంటలకు పుట్టిందో అడగండి. కార్డులో ఉందని మీకు తెలిసినా ఆమెనే అడగండి, నిమిషం కార్డులో ఉండదు. పెద్దదానికి వదిలేసిన గంట కూడా అడగండి. ఆ రోజు వాన పడిందో ఎండ కాసిందో చెబితే అదీ రాయండి. ఆమె ముందే రాయండి, ఇంటికి వెళ్ళి రాస్తానని అనకండి. పేరు మీకు చెప్పకుండా పెట్టారన్న బాధ ఉంటే అక్షరాలు అడిగి తప్పులేకుండా రాయడంలో దాన్ని తీర్చుకోండి.

కానుక అడిగారు. మనవళ్ళు ముగ్గురికీ మొదటి పుట్టినరోజున ఏమి పెట్టారో రాయలేదు. ఉంగరం పెట్టి ఉంటే ఉంగరమే పెట్టండి, అదే తూకంలో. పెద్దపిల్లకు అప్పుడు వెండి పట్టీలతో సరిపెట్టి ఉంటే ఆ బాకీ కూడా ఈసారే తీర్చేయండి.