ఒక్క టర్న్ గురించి రాయి

హనుమకొండ

ప్రియమైన తమ్ముడికి,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు చేతపట్టుకుని. ములుగులో కూర్చుని, టర్న్‌కు (అంటే వంతుకు) కొంచెం చొప్పున ఊళ్లు కట్టి రాజ్యం పెంచుకునే సివిలైజేషన్ అనే కంప్యూటర్ ఆట మీద తెలుగులో పన్నెండు పేజీలు రాయాలని నీకు అనిపించడమే నాకు పండగలా ఉంది. ఆ ఆటతో నాకూ పాతికేళ్ల చుట్టరికం. అందుకే మొహమాటపడకుండా రాస్తున్నాను. నువ్వు నొచ్చుకోవని నమ్మకం.

మొదటి నాలుగు పేజీలు తీసెయ్. 1991లో సిడ్ మయర్, బ్రూస్ షెల్లీ కలిసి ఆటను రూపొందించడం, ఒక్కో భాగం వస్తూ వస్తూ 2025లో ఏడోది రావడం, ఇవన్నీ నిజాలే. ఒక చిన్న పేరాలో ఇమిడిపోతాయి. ‘అద్భుతం’, ‘మరపురాని అనుభూతి’ అన్న మాటలు పదిహేడు చోట్ల కనిపించాయి. ఆట ఆడని పాఠకుడికి ఆ మాటల్లో ఏమీ కనబడదు. ఆడినవాడికి వాటితో పని లేదు. ముప్పై ఏళ్లు దాటినా జనం దీన్ని ఎందుకు వదలడం లేదన్నది కదా నీ ప్రశ్న? ఆ ప్రశ్న ఐదో పేజీ దాకా తల ఎత్తలేదు.

నాకు జవాబు ఒక కరెంటు కోత రాత్రి దొరికింది. 1996లో వచ్చిన రెండో భాగాన్ని సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ మీద ఆడుతున్న రోజులవి. ఎండాకాలం, అర్ధరాత్రి దాటింది. ఫ్యాను ఆగింది, తెర నల్లబడింది. ఆటను సేవ్ చేసి గంటన్నర అయింది. కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చున్నాను, నిద్ర రాలేదు. పాత కరెంటు బిల్లు ఒకటి చేతికి తగిలితే దాని వెనక, మరిచిపోకముందే, గుర్తున్నవన్నీ రాసుకున్నాను. నది ఒడ్డు ఊళ్లో ధాన్యం గాదె: ఇంకా రెండు టర్న్‌లు. కొండ ఎక్కుతున్న వలసదండు: మూడు. ఇనుము విద్య: ఐదు. ఉత్తరపు తీరాన పొరుగు రాజు పడవ: ఎందుకొచ్చింది? ఇలా పదకొండు పంక్తులు.

తెల్లవారి ఆ కాగితం చూస్తే నాకు ఆశ్చర్యమేసింది. నా రాజ్యం ఎంత పెద్దదో, ఎన్ని నగరాలున్నాయో, ఎన్ని యుద్ధాలు గెలిచానో అందులో ఒక్క ముక్కా లేదు. ఉన్నవన్నీ సగంలో ఆగిన పనులు. పైగా ఏ రెండూ ఒకే టర్న్‌లో పూర్తయ్యేవి కావు. గాదె ముగిసేసరికి వలసదండు ఒక్క అడుగు దూరంలో ఉంటుంది. అది చేరి ఊరు కట్టేసరికి ఇనుము విద్యకు రెండే టర్న్‌లు మిగులుతాయి. లేచి వెళ్లడానికి సందేదీ? మీది వ్యవసాయపు ఇల్లు, నీకు వేరే చెప్పనక్కర్లేదు. పత్తి ఏరడం అయ్యేలోపే మిర్చికి తడి పెట్టాల్సిన రోజు వచ్చి కూర్చుంటుంది. ‘ఇంకొక్క టర్న్’ అనుకుంటూ తెల్లవార్లూ ఆడినవాళ్లందరినీ కట్టిపడేసింది ఈ అల్లికే. నీ పన్నెండు పేజీల్లో నాకు ఇదే కావాలి. ఒక్క టర్న్ తీసుకో. ఏ ఊళ్లో ఏం జరుగుతోంది, నీ వేలు ఏ మీట మీద ఆగింది, ఎందుకు ఆగింది, అంతా రాయి. సామ్రాజ్యం దానంతట అదే కనబడుతుంది.

వంతులవారీ ఆట కావడం గురించి నువ్వు రెండు వాక్యాలతో సరిపెట్టావు. అక్కడ ఆగాలి. సిడ్ మయర్ మొదట దీన్ని గడియారంతో పాటు నడిచే ఆటగా మొదలుపెట్టాడు. అలా ఉంటే ఆడేవాడు చూస్తూ కూర్చునేవాడవుతున్నాడని తెలుసుకుని వంతుల పద్ధతికి మార్చాడు. మనకు ఇది కొత్త కాదు. గుడి మండపాల రాతి పలకల మీద పులిజూదం గళ్లు చూసే ఉంటావు. పులి ఎదురుగానే ఉన్నా, మేకను ఎక్కడ పెట్టాలో నువ్వు ఆలోచించుకునేంత సేపూ ఆ పులి ఆగుతుంది. నడివయసులో, వేళ్ల చురుకుదనం తగ్గాక కూడా నేను ఈ ఆట దగ్గరకు రాగలుగుతున్నది అందుకే.

ఆట అంటే ఆసక్తికరమైన నిర్ణయాల వరుస అన్నది సిడ్ మయర్ పేరు మీద ప్రచారంలో ఉన్న మాట. దాన్ని నువ్వూ ఎత్తి రాశావు గానీ, నిర్ణయంలో చేజారేది ఏమిటో చెప్పలేదు. పాత భాగాల్లో వలసదండును పంపితే కొత్త ఊరు వస్తుంది, కానీ పంపిన ఊరి జనాభా తగ్గుతుంది. ఆ బాధ ఉంటేనే అది నిర్ణయం. కాకతీయుల మీద మూడు పేజీలు రాశావే, అందులో ఏడు గుళ్లు, నాలుగు తోరణాలు, బోలెడు బిరుదులు ఉన్నాయి. వాటన్నిటి బదులు మోటుపల్లి అభయ శాసనం ఒక్కటి చాలు. అంతకుముందు రాజులు, తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాక్కునేవారు. 1244లో గణపతిదేవుడు నిర్ణీత సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని వర్తకులకు మాటిచ్చి రాతి మీద చెక్కించాడు. చేతికందే సొత్తు వదులుకుని, రేపు వచ్చే ఓడలను నమ్ముకున్నాడు. ఖజానా వైపు చూసి, సముద్రం వైపు చూసి, మీట నొక్కే ముందు ఆగిన మనిషి అందులో నాకు కనిపిస్తాడు.

గాంధీ అణుబాంబుల కథ తీసెయ్. మొదటి ఆటలో భారత రాజ్యాన్ని ఏలే గాంధీ దుడుకుతనపు అంకె ఒకటని, ప్రజాస్వామ్యం రాగానే రెండు తగ్గి, సున్నా కిందికి పోలేక లెక్క తిరగబడి 255 అయిందని, అందుకే ఆయన అణుబాంబులు వేసేవాడని నేనూ ఏళ్ల తరబడి నమ్మి పదిమందికి చెప్పాను. అలాంటి పొరపాటే లేదని సిడ్ మయర్ 2020లో వచ్చిన తన జ్ఞాపకాల్లో రాశాడు. మన పాఠకుడికి బాగా నచ్చే కథ కాబట్టే నువ్వు రెండుసార్లు సరిచూసుకోవలసింది.

ఇక నీ వ్యాసంలో లేనిది ఒకటుంది. నువ్వు తప్ప ఇంకెవరూ అంత బాగా రాయలేరు. ఆట మొదట్లో పటం మీద అక్కడక్కడా చిన్న గుడిసెలు ఉంటాయి కదా. మన దండు అడుగు పెడితే కొంత బంగారమో ఒక విద్యో చేతికొస్తుంది, ఆ గుడిసె పటం మీద నుంచి మాయమవుతుంది. ఎన్ని వందల గుడిసెలు తొక్కానో, ఒక్కసారీ ఆలోచించలేదు. కరువులో కప్పం కట్టలేమన్నందుకు ప్రతాపరుద్రుడి సేన మీదికొస్తే పోరాడిన సమ్మక్క, సారలమ్మల కథ మీ ఊరివాళ్లకు నోటికి వచ్చు. రెండేళ్లకోసారి జనం తమ ఎత్తు బెల్లాన్ని తూయించి, దాన్ని ‘బంగారం’ అని పిలిచి, మేడారానికి మోసుకొస్తారు. రాజుకు ఇవ్వనన్నవాళ్లకు జనం తమంతట తాము ఇచ్చుకునే బంగారం అది. ఈ ఆట చరిత్రను ఎప్పుడూ సింహాసనం మీద నుంచే చూస్తుంది. నాకు ఆట మీద ప్రేమ తగ్గలేదు, కానీ ఆ గుడిసెలో ఉన్నదెవరని నువ్వు అడగాలి. జంపన్న వాగులో స్నానం చేసిన చేతులతో నువ్వే మౌసు పట్టుకున్నావు. ఆ రెండు పేజీలు నాకోసమైనా రాయి.

తిరగరాయడానికి తొందరేమీ లేదు, మిర్చి కోతలు అయ్యాకే కూర్చో. ఈలోగా ఒక పని చెయ్యి. ఇప్పుడు నీ ఆట ఏ టర్న్ దగ్గర ఆగి ఉందో, తర్వాత ఏం చేయబోతున్నావో ఏదైనా కాగితం వెనక రాసి పంపు. వ్యాసాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టగలమేమో చూద్దాం.

మీ అమ్మానాన్నలకు నా నమస్కారాలు.

నీ అన్న