కరోకే సాయంత్రంలో అందరికీ వంతు దక్కాలంటే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: అపార్ట్‌మెంటులో నెలకోసారి కరోకే (పాట సంగీతం మాత్రమే ఉన్న ట్రాక్ పెట్టుకుని మనమే పాడడం) పెట్టుకుంటున్నారు, ఇద్దరు ముగ్గురే మైకు వదలడం లేదు, మొహమాటస్తులు ఒక్క పాటైనా పాడకుండా ఇంటికి వెళ్ళిపోతున్నారు, గట్టిగా చెబితే మనస్పర్ధలు వస్తాయేమోనని మీ భయం. కూకట్‌పల్లి వైపు మా కాలనీలో ఇలాంటి బృందాన్నే కొన్నేళ్ళుగా నడుపుతున్నాను. వంతుల జాబితా చూసుకునేది నేనే. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

పాటలు తక్కువ రావడం కన్నా, తన వంతు ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే జనాన్ని ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. తనది ఎనిమిదో పాట అని తెలిస్తే మనిషి నిమ్మళంగా కూర్చుంటాడు, ముందు పాడేవాళ్ళ పాట వింటాడు, చప్పట్లు కొడతాడు. తెలియకపోతే లాప్‌టాప్ దగ్గరికి వచ్చి "నాదెప్పుడండీ" అని అడగడం మొదలవుతుంది. అలా అడిగేవాళ్ళ పాట ముందుకు జరుగుతుంది, అడగలేనివాళ్ళది వెనక్కి పోతుంది. ఎవరూ కావాలని చేయరు, అలా జరిగిపోతుంది. కాబట్టి జాబితా నిర్వాహకుడి ఫోనులో ఉండకూడదు, గోడ మీద ఉండాలి. మేం క్లబ్ హౌసులోని తెల్లబోర్డు మీద పేర్లు పెద్ద అక్షరాలతో రాసి, పాడినవాళ్ళ పేరు పక్కన టిక్కు పెడతాం. గది చివర కూర్చున్నవాళ్ళకి కూడా కనిపించాలి. ఈ ఒక్క పనితోనే మీ గొడవల్లో సగం తగ్గుతాయని నా నమ్మకం.

రెండోది కాలం లెక్క. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చినవి, వాటి ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ల మీద ఆంక్ష ఉంది. మూసి ఉన్న హాళ్ళకి కొంత మినహాయింపు ఉన్నా, పైన ఫ్లాట్లలో పసిపిల్లలూ పెద్దవాళ్ళూ ఉంటారు కాబట్టి పదికి ఆపేయడమే మర్యాద. ఏడింటికి మొదలుపెడితే 180 నిమిషాలు. పాత పాటలు మూడు, మూడున్నర నిమిషాల్లో అయిపోతాయి, ఎందుకంటే ఆ రోజుల 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 సార్లు తిరిగే) గ్రామఫోను రికార్డులో ఒక వైపు పట్టేది అంతే. తర్వాతి కాలపు పాటలు చాలావరకు నాలుగున్నర, అయిదు నిమిషాలు. మైకు చేతులు మారి, ట్రాక్ మొదలయ్యేసరికి ఇంకో నిమిషం. పాటకి ఆరు నిమిషాలు వేసుకుంటే ముప్ఫై పాటలు, మాటలకీ మంచినీళ్ళకీ పోగా పాతిక. పన్నెండు మంది ఉంటే తలా రెండు. ఇరవై మంది వస్తే తలా ఒకటి పోను అయిదు మిగులుతాయి, వాటికి చీటీలు తీస్తే సరి. ఈ లెక్క మొదట్లోనే అందరికీ చెప్పేయండి. "చూద్దాం, టైముంటే ఇద్దాం" అనే మాట నోట రానివ్వకండి, ఆ "చూద్దాం" ఎప్పుడూ చొరవ ఉన్నవాళ్ళకే పోతుంది.

ఇక చుట్ల పద్ధతి. అందరూ ఒకసారి పాడేదాకా ఎవరూ రెండోసారి పాడకూడదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు నడుస్తున్న చుట్టు చివర చేరతారు. రెండో చుట్టులో వస్తే మొదటి చుట్టు పాట పోయినట్టే, బాకీ తీర్చడం ఉండదు. పేరు పిలిచినప్పుడు మనిషి లేకపోతే చివరికి నెట్టేయకండి, రెండు స్థానాలు మాత్రం వెనక్కి జరపండి. ఇది ముఖ్యంగా ఆడవాళ్ళ కోసం. మా దగ్గర ఒకావిడ పాట చక్కగా నోట్‌బుక్కులో రాసుకుని, ఎక్కడ గాలి పీల్చాలో అక్కడ ఎర్ర పెన్నుతో గీత గీసుకుని మరీ వస్తారు. సరిగ్గా ఆవిడ వంతు ముందు పైనుంచి పిల్లాడు ఏడుస్తున్నాడని ఫోను. ఆవిడ పైకెళ్ళి దిగి వచ్చేలోగా రెండు పాటలవుతాయి, వచ్చి పాడతారు. చివరికి నెట్టి ఉంటే పదింటికి హాలు మూసేలోగా ఆవిడకి అవకాశమే వచ్చేది కాదు.

ప్రార్థనా గీతం సంగతి విడిగా చెప్పాలి. మన దగ్గర దేవుడి పాట లేకుండా మొదలుపెట్టరు కదా, దాన్ని వంతుల్లో లెక్క వేయకండి. పిల్లలకో, మొదటిసారి వచ్చినవాళ్ళకో ఇవ్వండి. అప్పుడు కొత్తవాళ్ళ భయం అక్కడే సగం పోతుంది.

అసలు చిక్కు యుగళగీతాలతో వస్తుంది. దాదాపు ప్రతి బృందంలోనూ మగవాళ్ళు ఎక్కువ, పాడే ఆడవాళ్ళు తక్కువ. ప్రతి మగాయనకీ డ్యూయెట్టే కావాలి. బాగా పాడే ఒకావిడ ఉంటే అందరూ ఆవిడనే "అమ్మా, ఈ పాటకి కాస్త తోడు రండి" అంటారు. ఆవిడ మొహమాటానికి కాదనలేరు. చూస్తుండగానే ఆవిడవి ఆరేడు పాటలవుతాయి. వెనక కూర్చున్నవాళ్ళు "అన్నీ ఆవిడే పాడుతున్నారు" అంటారు. పాపం, వాటిలో ఆవిడ ఎంచుకున్న పాట ఒక్కటీ ఉండదు. తన సోలో వంతు వచ్చేసరికి గొంతు రాసుకుపోయి ఉంటుంది. ఆవిడ మీద ఒక నింద, పైగా ఆవిడకే ఒక నష్టం. ఈ అన్యాయం నాకు అన్నిటికన్నా బాధగా అనిపించేది.

మేం పెట్టుకున్న కట్టుబాటు ఇది. డ్యూయెట్ ఎవరు అడిగారో వాళ్ళ వంతు ఖర్చవుతుంది. తోడు వచ్చినవాళ్ళ సొంత వంతుకి ఢోకా లేదు. కానీ ఒక సాయంత్రంలో ఎవరైనా రెండుసార్లకి మించి తోడు వెళ్ళకూడదు, ఆ తోడు కూడా తన సోలో అయిపోయాకే. తోడు అడగడం ముందు రోజే ఫోనులో అయిపోవాలి, హాల్లో నలుగురి ముందు అడిగి ఇరకాటంలో పెట్టకూడదు. ఎవరూ దొరకకపోతే ఆడగొంతు ఉంచేసిన ట్రాకులు దొరుకుతాయి, మన వాటా మనం పాడుకోవచ్చు. ఇది పెట్టిన కొత్తలో కొందరు సణిగారు. ఇప్పుడు, అంతకు ముందు వినడానికి మాత్రమే వచ్చే ఆడవాళ్ళు కూడా "ఆ పాటకి తోడు నేను వస్తాను" అంటున్నారు. ఆ చోటు ఖాళీ ఉందని వాళ్ళకి ముందు తెలియదు.

ట్రాకులు ముందు రోజు రాత్రికల్లా గ్రూపులో పెట్టించండి. శృతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. మగవాళ్ళ పాటను ఆడవాళ్ళు పాడాలంటే స్కేలు మార్చిన ట్రాక్ కావాలి, అది వేదిక మీద వెతుకుతూ కూర్చుంటే నాలుగు నిమిషాలు పోతాయి, అంటే ఒకరి పాట పోయినట్టే. యూట్యూబులో నేరుగా పెడితే పల్లవి మధ్యలో ప్రకటన వస్తుంది, ముందే దించుకుని ఫైళ్ళుగా పెట్టుకోండి. ఒకే పాట ఇద్దరు అడిగితే గ్రూపులో ముందు పెట్టినవాళ్ళది. పల్లవి ఎత్తుకోవడం తప్పితే ఒకసారి మళ్ళీ మొదలుపెట్టనివ్వండి. ట్రాక్ ఆగిపోతే అది వాళ్ళ తప్పు కాదు, ఎన్నిసార్లయినా మొదటినుంచి ఇవ్వండి.

సమయం మించిపోతున్నప్పుడు అందరూ చేసే పని ఒకటుంది, దాన్ని దయచేసి చేయకండి. తొమ్మిదిన్నర అయ్యేసరికి "ఇకనుంచి పల్లవి, ఒక చరణం మాత్రమే" అంటారు. ముందు పాడినవాళ్ళు రెండు చరణాలూ, మధ్యలో వాయిద్యాలూ, చివర ఆలాపనా అన్నీ పాడుకుని కూర్చున్నారు. కోత పడేది చివర ఉన్నవాళ్ళకి. అలా చివరికి చేరేది ఎవరంటే పేరు ఇవ్వడానికి సంకోచించినవాళ్ళే. కోయాల్సి వస్తే రెండో చుట్టు మొదలయ్యే ముందే ప్రకటించి, ఆ చుట్టులో అందరికీ ఒక్క చరణమే ఇవ్వండి. ఆరు నిమిషాలు దాటే ట్రాకులకి మొదటి చుట్టులో కూడా ఒక చరణమే అనే షరతు ముందే ఉంటే ఇంకా మంచిది.

తన పాట అవగానే వెళ్ళిపోయేవాళ్ళ గురించి మీరు అడగలేదు, కానీ అది కూడా వంతుల సమస్యే. మొదట పాడినాయనకి నలభై మంది శ్రోతలు, చివర పాడినామెకి ఏడు కుర్చీలు. ఇద్దరికీ ఒక్కో పాటే ఇచ్చినా ఇద్దరికీ దక్కింది ఒకటి కాదు. కరోకే యంత్రాన్ని 1971లో జపాన్‌లోని కోబే నగరంలో తయారుచేసిన దైసుకే ఇనోవుకి 2004లో ఇగ్ నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. మనుషులు ఒకరినొకరు ఓర్చుకోవడం నేర్చుకునే కొత్త దారి చూపించాడని వాళ్ళు చెప్పిన కారణం. అది నవ్వు పుట్టించే బహుమతే అయినా, ఆ కారణం నాకు అక్షరాలా నిజమనిపిస్తుంది. మనకి నచ్చని పాట, శృతి తప్పిన గొంతు, అయిదు నిమిషాలు కూర్చుని వినడమే ఈ సాయంత్రంలో ఎక్కువ భాగం. అందుకే మేం రెండో చుట్టు జాబితాను ఆ చుట్టు మొదలయ్యేటప్పుడు హాల్లో ఉన్నవాళ్ళతోనే రాస్తాం. టిఫిను కూడా మధ్యలో పెట్టం, అన్నీ అయ్యాకే.

మీరు భయపడుతున్న ఆ ఇద్దరు ముగ్గురి విషయం. మా దగ్గరా ఒక పెద్దాయన ఉన్నారు, రిటైరైన బ్యాంకు ఉద్యోగి, గొంతు బంగారం. అయిదారు పాటలు పాడితే గానీ మైకు దించేవారు కాదు. అందరి ముందు ఆపితే ఆయనకి అవమానం, ఆపకపోతే మిగతావాళ్ళకి అన్యాయం. వాళ్ళింటికి వెళ్ళి, కాఫీ తాగుతూ, "బాబాయి గారూ, ఈ నెల నుంచి అందరికీ రెండే, మీక్కూడా" అని చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు. ఆ నెల రాలేదు. తర్వాతి నెల వచ్చారు, రెండే పాడారు. మినహాయింపు ఇవ్వాలని నాకూ మనసులో ఉంది, ఆయన పాడితే వినాలనే ఉంటుంది. కానీ ఒకరికి ఇస్తే ఆ బోర్డు మీద రాసినదానికి ఇక విలువ ఉండదు. ఇంకా పాడాలనే కోరిక ఉన్నవాళ్ళకి వేరే దారులున్నాయి. హైదరాబాదులో చందా కట్టి హాల్లో పాడే కార్యక్రమాలు జరుగుతుంటాయి, అక్కడ ఎన్ని పాటలకి కడితే అన్ని. ఫోనులో పాటలు పాడుకునే స్మ్యూల్ అనే యాప్ ఉంది. ఆయన ఇప్పుడు స్మ్యూల్‌లో పాడి లింకులు మాకు పంపుతుంటారు, మేం వింటాం.

జాబితా చూసేవాళ్ళు ఎవరన్నది కూడా చూసుకోండి. వాళ్ళ పేరు ప్రతి చుట్టులోనూ చివర ఉండాలి. వాళ్ళ ఇంటివాళ్ళకి, టిఫిను ఖర్చు పెట్టుకున్నవాళ్ళకి, సొసైటీ ప్రెసిడెంటుకి అదనపు పాట ఉండకూడదు. ఖర్చు అందరూ సమానంగా వేసుకుంటే ఈ చివరి మాట ఎవరికీ చెప్పాల్సిన పనే రాదు. ఆర్నెల్లకోసారి జాబితా బాధ్యత మరొకరికి ఇస్తే ఇంకా మంచిది. పేర్లు ఎవరు ముందు ఇస్తే వాళ్ళు ముందు అనుకోవద్దు, గ్రూపులో మెసేజి పడగానే చూసేవాళ్ళే ఎప్పుడూ ముందుంటారు. మొదటి నెల చీటీలు తీసి వరస కట్టండి. పదింటికి ఆపినప్పుడు ఎవరి పేరు దగ్గర ఆగిందో బోర్డు ఫోటో తీసి గ్రూపులో పెట్టేయండి. వచ్చే నెల ఆ తర్వాతి పేరుతో మొదలుపెట్టండి.