చేతులకు ఇంజిన్ ఆయిల్... చర్మంలో ఇమ్యూనిటీ పోతుందా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. బైక్ మెకానిక్‌ని. చాలా ఏళ్లుగా వాడేసిన ఇంజిన్ ఆయిల్ చేతులకు అంటుతోంది, పని అయ్యాక కిరోసిన్‌తో కడుక్కుంటాను. అందులో ఉండే క్యాన్సర్ రసాయనాలు చర్మంలోని ఇమ్యూనిటీ కణాలను ఎదగనివ్వవని చదివాను. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. నిజమేనా?

జవాబు: మీరు చదివిన దాంట్లో నిజం ఉంది, కాకపోతే అది ఎక్కువగా ఎలుకల్లో తేలిన విషయం. చర్మం పైపొరలో లాంగర్‌హాన్స్ కణాలుంటాయి. పాల్ లాంగర్‌హాన్స్ 1868లో, ఇంకా వైద్య విద్యార్థిగా ఉండగానే వీటిని గుర్తించాడు. చర్మంలో తేడాగా కనిపించిన పదార్థాన్ని పట్టుకుని, లింఫ్ గ్రంథుల దాకా మోసుకెళ్లి, అక్కడున్న టి కణాలకు, అంటే దాడి చేసే రక్షణ కణాలకు చూపించడం వీటి పని. ఇంజిన్‌లో మరిగిన ఆయిల్‌లో బెంజోపైరీన్ లాంటి రసాయనాలు చేరతాయి. ఈ జాతి రసాయనాలను ఎలుకల చర్మానికి పూస్తే లాంగర్‌హాన్స్ కణాలు తగ్గిపోయాయి, ఉన్నవి కూడా సరిగా ఎదగలేదు. అలాంటి అరకొర కణం చూపిస్తే టి కణాలు దాడికి దిగవు సరికదా, ఒక్కోసారి ఊరుకోవడం నేర్చుకుంటాయి. ఇంకో సంగతి, ఇదే జాతికి చెందిన డీఎంబీఏ అనే రసాయనాన్ని ఈ కణాలే మరింత ప్రమాదకరంగా మార్చి పక్క కణాల డీఎన్‌ఏకు హాని చేస్తాయని, ఇవి లేని ఎలుకల్లో కణితులు తక్కువగా వచ్చాయని 2012లో తేలింది. అంటే ఈ కణాలు ఎక్కువుంటే అంత మంచిదనీ చెప్పలేం. కాబట్టి ఇమ్యూనిటీ పెంచే మాత్రలు, పౌడర్లు కొని దీన్ని సరిచేయొచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

మీ చేతిలో ఉన్నది ఆయిల్ తగలకుండా చూసుకోవడం. నైట్రైల్ గ్లౌజులు వాడండి, చిరిగితే వెంటనే మార్చండి. కిరోసిన్ మాత్రం ఈ రోజే మానేయండి, అది చర్మం మీది రక్షణ పొరను కరిగించేస్తే మిగతా రసాయనాలు లోపలికి పోవడం ఇంకా తేలికవుతుంది. సబ్బు, నీళ్లు, ఆ తర్వాత కాస్త మాయిశ్చరైజర్ చాలు. ఎండ కూడా లాంగర్‌హాన్స్ కణాలను తగ్గిస్తుంది, బయట పనిచేసేటప్పుడు ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకోండి.

ఆయిల్ గుడ్డ ప్యాంటు జేబులో కుక్కుకునే అలవాటుంటే అదీ మానాలి. పొగగొట్టాలు శుభ్రం చేసేవాళ్లకు మసి వల్ల వృషణాల తిత్తి మీద క్యాన్సర్ వస్తోందని పర్సివల్ పాట్ అనే సర్జన్ 1775లోనే రాశాడు, ఆయిల్‌తో తడిసిన బట్టలతో పనిచేసిన మిల్లు కార్మికుల్లోనూ తర్వాత అదే కనిపించింది. చేతుల మీద గానీ, అక్కడ గానీ నాలుగు వారాలకూ మానని పుండు, రక్తం కారే గరుకు మచ్చ, పులిపిరిలా పెరిగే గడ్డ ఉంటే సిగ్గుపడకుండా చర్మ వైద్యుడికి చూపించండి. అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. అలాంటివేమీ లేకపోతే ఇప్పుడు ఏ టెస్టూ అక్కర్లేదు.