చెత్త బళ్ల కొనుగోలు ఫైలు చూడాలంటే ఎలా అడగాలి?

సందేహం: మా మున్సిపాలిటీ ఆర్నెల్ల కిందట కొత్త చెత్త బళ్లు కొంది. కొబ్బరికాయ కొట్టి, జెండా ఊపి, ఫొటోలు దిగారు. వాటిలో నాలుగు ఇప్పటికీ నంబరు ప్లేటు లేకుండా వాటర్ ట్యాంకు ఆవరణలో ఎండకు ఎండుతున్నాయి. మా వీధికి పాత తోపుడు రిక్షానే గతి. ‘అంత ధర పెట్టి ఎందుకు కొన్నారు? ఎందుకు తిప్పడం లేదు?’ అని సమాచార హక్కు కింద అడిగితే ‘ఇది సమాచారం కిందికి రాదు’ అన్నారు. టెండరు వివరాలేమో ‘వ్యాపార రహస్యం’ అట. జవాబు వచ్చి రెండు నెలలైంది. హైకోర్టుకు వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

సలహా: మీకు కోపం వస్తుందేమోగానీ, మొదటి జవాబు చట్టప్రకారం సరైనదే. ఆఫీసులో కాగితం మీద ఉన్నది ఇవ్వడం వరకే పౌర సమాచార అధికారి బాధ్యత. మీకోసం కొత్తగా సంజాయిషీ రాసివ్వక్కర్లేదు. మన దగ్గర్నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఖానాపురం గండయ్య కేసులో 2010లో తేలింది ఇదే. జడ్జి అలాంటి తీర్పు ఎందుకిచ్చారో చెప్పమని ఆయన అడిగారు. రికార్డులో లేని కారణాలు సమాచారం కావంది కోర్టు.

రెండో జవాబు మాత్రం నిలబడదు. 2005 నాటి సమాచార హక్కు చట్టంలోని సెక్షన్ 8(1)(డి) వ్యాపార రహస్యాలను కాపాడే మాట నిజమే. టెండర్లు తెరవకముందు ఎవరెంత కోట్ చేశారో బయటపెట్టకూడదు. బళ్లు దిగి, బిల్లు కూడా చెల్లించాక ఆ ధరలో రహస్యమేముంది? పైగా విశాల ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చని ఆ క్లాజులోనే రాసి ఉంది.

మొదటి అప్పీలుకు 30 రోజులే గడువు, అది దాటింది. ఆలస్యానికి తగిన కారణం చూపించి అప్పీలు వేయొచ్చు. కానీ 10 రూపాయల పోస్టల్ ఆర్డరుతో కొత్త దరఖాస్తు పెట్టుకోవడం తేలిక. ఈసారి ‘ఎందుకు’ అన్న మాటే రాయకండి. కాగితాల పేర్లు రాయండి: కౌన్సిల్ తీర్మానం, అంచనా, టెండరు ప్రకటన, ఎవరెంత కోట్ చేశారో చూపే తులనాత్మక పట్టిక, సరఫరా ఒప్పందం, బళ్లు అందినట్టు సంతకం చేసిన రసీదు, చెల్లింపు వోచర్లు, ఆర్సీలు, బీమా పాలసీలు, బండి ఏ రోజు ఎంత తిరిగిందో రాసే లాగ్ బుక్కులు. మీ మొదటి ప్రశ్నకు జవాబు తులనాత్మక పట్టికలో ఉంటుంది, రెండోదానికి లాగ్ బుక్కులో.

లాగ్ బుక్కును తేలిగ్గా తీసుకోకండి. నేను చూసిన ఒకదాంట్లో నెలంతా రోజుకు సరిగ్గా 42 కిలోమీటర్లే. దసరా రోజూ అంతే. చేతిరాత ఒకటే, సిరా ఒకటే. పక్కన డీజిల్ కూపన్లు పెట్టి చూసేసరికి ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది.

నకళ్లకు ముందు ఫైలు పరిశీలన కోరండి. సెక్షన్ 2(జె) ఆ హక్కు ఇస్తోంది, మొదటి గంటకు రుసుం లేదు. నోట్సు రాసుకుని, పనికొచ్చే పేజీలకే సర్టిఫైడ్ నకళ్లు తీసుకోండి. లేకపోతే పేజీకి 2 రూపాయల చొప్పున కట్టలు కట్టలు మీ నెత్తిన పడతాయి.

నంబరు ప్లేటు సంగతి: రిజిస్ట్రేషన్ లేని బండిని రోడ్డెక్కించకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 39 అంటోంది. మున్సిపాలిటీ బండికీ మినహాయింపు లేదు. ఛాసిస్ మీద విడిగా బాడీ కట్టించిన బళ్లయితే కొంత ఆలస్యం సహజం. డ్రైవర్ల నియామకం కాక ఆగినవీ ఉంటాయి. అందుకే ముందే నింద వేయకండి. కాకపోతే వారంటీ ఏ రోజు నుంచి మొదలైందో ఒప్పందంలో తప్పక చూడండి. డెలివరీ రోజు నుంచి అని ఉంటే, బండి కదలకుండానే ఆరు నెలలు కరిగిపోయినట్టే.

హైకోర్టుకు ఇప్పుడే వద్దు. నిర్ణయం తీసుకున్న పద్ధతిని చూస్తామేగానీ టెండరు మీద అప్పీలు విన్నట్టు వినబోమని 1994లో టాటా సెల్యులర్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాగితాల్లో అవకతవకలు కనబడితే లోకాయుక్తకు, రాష్ట్ర ఆడిట్ శాఖకు ఆధారాలతో రాయండి.

దరఖాస్తు మీరే వెళ్లి ఇస్తే నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. అందిన 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాత ఇచ్చే నకళ్లన్నీ ఉచితం. అప్పుడు ఆ ముద్రే మీకు సాక్ష్యం.