సాల్వడోర్ కార్నివాల్‌కు ఒంటరిగా: ఇన్సులిన్ తీసుకునే అమ్మాయి వెళ్లవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 29 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పద్నాలుగో ఏట నుంచి టైప్-1 మధుమేహం ఉంది. రాత్రి పదింటికి గ్లార్జిన్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్), భోజనాలకు ముందు త్వరగా పనిచేసే ఇన్సులిన్ తీసుకుంటాను. చేతికి గ్లూకోజ్ సెన్సర్ ఉంది. మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ ఇటీవల 7.1. బ్రెజిల్‌లోని సాల్వడోర్ నగరంలో జరిగే కార్నివాల్‌కు పది రోజుల పాటు ఒంటరిగా వెళ్లాలన్నది నా చిరకాల కోరిక. ఇంట్లో అమ్మానాన్నలు భయపడుతున్నారు. వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లవచ్చు. మీ షుగర్ అదుపులోనే ఉంది. బయలుదేరే ముందు కంటి పరీక్ష, కిడ్నీ పరీక్ష, పాదాల స్పర్శ పరీక్ష చేయించుకుని, అవి బాగున్నాయని తేలితే ఈ జబ్బు కారణంగా ప్రయాణం మానుకోవలసిన అవసరం లేదు. అయితే మీ అమ్మానాన్నల భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. వారు భయపడుతున్నది దూరాన్ని చూసి అయి ఉండవచ్చు. నన్ను కలవరపెట్టేది మాత్రం వేరే సంగతి.

షుగర్ 70 కంటే బాగా పడిపోయినప్పుడు మనిషి తూలుతారు, మాట తడబడుతుంది, చెమటలు పడతాయి, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతారు. లక్షల మంది తాగి ఆడిపాడుతున్న వీధిలో మీరు అలా కనిపిస్తే, పక్కవారు మీకూ మత్తెక్కిందనుకుని నవ్వి వెళ్లిపోతారు. తోడుగా స్నేహితులు ఉంటే వారికి అనుమానం వస్తుంది, ఒంటరిగా వెళ్లినవారికి ఆ ఆసరా ఉండదు. అందుకని మీకు మధుమేహం ఉందని, తూలుతుంటే పంచదార ఇవ్వాలని, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 192కు ఫోన్ చేయాలని పోర్చుగీసులో రాసిన కార్డు మెడలో వేసుకోండి, చేతికి మెడికల్ బ్యాండ్ కట్టుకోండి. 192 అక్కడి ప్రభుత్వ అంబులెన్స్ నంబరు. ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలో అత్యవసర చికిత్స విదేశీయులకు కూడా ఉచితం. ఊరేగింపు దారుల వెంట నగరపాలక సంస్థ వైద్య శిబిరాలు కూడా పెడుతుంది. మొదటి రోజు పగలే వెళ్లి, మీరు నిలబడబోయే చోటికి దగ్గరలోని శిబిరం ఎక్కడో చూసి పెట్టుకోండి. అలాగే మీరు దిగిన చోట కనీసం ఒకరికి మీ సంగతి చెప్పి, ఉదయం ఫలానా గంటకల్లా మీరు కనిపించకపోతే తలుపు తట్టమని కోరండి.

తలుపు తట్టమనడానికి కారణం మద్యం. ఖాళీ కడుపున షుగర్ పడిపోతుంటే కాలేయం తన నిల్వల నుంచి గ్లూకోజ్ విడుదల చేసి కాపాడుతుంది. మద్యం ఆ పనిని అడ్డుకుంటుంది. చెరకు సారా, నిమ్మకాయ, పంచదార కలిపే కైపిరిన్యా తాగితే షుగర్ ముందు పెరుగుతుంది, గంటల తర్వాత, తరచుగా నిద్రలో, పడిపోతుంది. రోజంతా నడిచి, చిందులేసి ఉంటే ఇంకా లోతుకు పడిపోతుంది. నా సలహా మద్యం పూర్తిగా మానేయమనే. అది సాధ్యం కాకపోతే తిన్న తర్వాతే ఒక గ్లాసుతో ఆపండి, పడుకునే ముందు తప్పక ఏదైనా తినండి. 2025లో సావో పాలో ప్రాంతంలో మెథనాల్ అనే విషం కలిసిన కల్తీ మద్యం ప్రాణాలు తీసింది. పానీయాల్లో మత్తుమందు కలిపి దోచుకోవడానికి అక్కడ 'బోవా నోయిచి సిండరెలా' (గుడ్ నైట్ సిండరెల్లా) అని పేరే ఉంది. కాబట్టి మీ కళ్లముందు మూత తీయని దేన్నీ తాగకండి.

తిండి దగ్గర మీకొక పరిచయమైన రుచి ఎదురవుతుంది. అలసందలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఎర్రటి పామాయిల్‌లో వేయించే అకరజే దాదాపు మన అలసంద గారెలాంటిదే. దాన్ని చీల్చి రొయ్యలు, జీడిపప్పు, కొబ్బరి కలిసిన ముద్ద పెడతారు. రొయ్యలు పడనివారు దూరంగా ఉండాలి. ఇంత నూనె ఉన్న తిండికి షుగర్ ఆలస్యంగా పెరుగుతుంది గనుక మొత్తం డోసు ముందే వేసుకుని చిందులు వేస్తే మధ్యలో పడిపోతారు. గంటల తరబడి ఆడబోయే రోజున భోజనం ముందు ఇన్సులిన్‌ను పావు వంతు నుంచి సగం వరకు తగ్గించవలసి రావచ్చు. ఎంతన్నది మీ డయాబెటాలజిస్టుతో ముందే లెక్క వేయించుకోండి.

ఎక్కడ నిలబడాలన్నది కూడా వైద్యానికి సంబంధించిన విషయమే. బార్రా నుంచి ఒండీనా వరకు సముద్రం ఒడ్డున సాగే దారిలో ట్రియో ఎలెట్రికో అనే పెద్ద పెద్ద స్పీకర్ల లారీలు నడుస్తాయి. వాటి వెనుక, డబ్బు కట్టినవారి కోసం చుట్టూ పట్టుకునే తాడుకు బయట, కిక్కిరిసిన గుంపులో గ్లూకోజ్ తీసి నోట్లో వేసుకోవడానికి చెయ్యి కూడా ఆడదు. పాత బస్తీ పెలోరిన్యోలో ఈ లారీలు ఉండవు, చిన్న మేళాలు తిరుగుతాయి. మొదటి రెండు రోజులు అక్కడ గడపండి. గాంధీజీ పేరు మీద 1949లో ఓడరేవు కూలీలు స్థాపించిన 'ఫిల్యోస్ జి గాంధీ' అనే తెల్ల దుస్తుల బృందాన్ని తప్పక చూడండి. వారి నడక కూడా నెమ్మదైనది. లారీల దగ్గరికి వెళ్లేటప్పుడు చెవుల్లో ప్లగ్గులు, కాళ్లకు మూసి ఉండే బూట్లు వేసుకుని, రాత్రి గదికి రాగానే పాదాలు పరీక్షించుకోండి.

ఇక గ్లార్జిన్ సమయం. సాల్వడోర్ మనకంటే ఎనిమిదిన్నర గంటలు వెనుక ఉంటుంది. పది రోజుల కోసం వేళ మార్చుకోవడం కంటే, మన రాత్రి పదికి సరిపోయే అక్కడి మధ్యాహ్నం ఒకటిన్నరకే వేసుకోవడం సులభం. ఇన్సులిన్ మొత్తం చేతి సంచిలోనే ఉండాలి. విమానం కింది అరలో గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఎండలో 30 డిగ్రీలు దాటితే మందు బలం తగ్గుతుంది కాబట్టి పెన్నును చల్లబరిచే సంచిలో పెట్టండి. అవసరమైన దానికి రెట్టింపు తీసుకెళ్లి, సగం గదిలో ఉంచండి.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఆ పత్రం లేకుండా బ్రెజిల్ నుంచి తిరిగి వస్తే మన విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. అదుపులో ఉన్న మధుమేహం ఈ టీకాకు అడ్డు కాదు. గుడ్డు తింటే తీవ్రమైన అలర్జీ వచ్చేవారు, గర్భిణులు ముందే డాక్టరుకు చెప్పాలి. డెంగ్యూ మాత్రం పెద్ద బెడద: 2024లో బ్రెజిల్‌లో 60 లక్షలకు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. పగలు కూడా దోమల మందు రాసుకోండి. అక్కడ గానీ, తిరిగి వచ్చిన రెండు వారాల్లోపు గానీ జ్వరం వస్తే పారాసిటమాల్ మాత్రమే వేసుకోండి, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ వాడకండి. తినలేకపోయినా గ్లార్జిన్ ఆపకుండా, కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలు) పరీక్షించుకుంటూ ఆసుపత్రికి వెళ్లండి.

చివరిగా మీ సెన్సర్ గురించి. కార్నివాల్ గుంపుల్లో ఫోన్ల దొంగతనం మామూలు విషయం. ఫోన్ పోతే మీ రీడింగులూ పోతాయి. ఒక పాత ఫోన్‌లో సెన్సర్ యాప్ పెట్టి, దుస్తుల లోపల నడుముకు కట్టే సంచిలో గ్లూకోజ్ మాత్రలు, చిన్న గ్లూకోమీటరుతో కలిపి ఉంచండి. చెమటకు సెన్సర్ ఊడకుండా పైన టేపు వేయండి. మీ సెన్సర్‌కు రీడింగులు పంచుకునే సౌకర్యం ఉంటే మీ అమ్మగారి ఫోన్‌కు జతచేయండి. అక్కడ రాత్రి పది అయ్యేసరికి ఇక్కడ ఉదయం ఆరున్నర. మీరు వీధిలో ఆడే వేళకు ఆమె లేచి కూర్చుని ఆ అంకె చూస్తూ ఉంటారు, అది 80కి దిగగానే మీకు ఫోన్ చేయగలుగుతారు.