నగర రూపకల్పన మనుషుల్ని నడిపించగలదా?

నడవడం, సైకిల్ తొక్కడం ఎవరిష్టం వాళ్లది కదా, దాంతో నగర నిర్మాణానికేం పని అని కొందరు అడుగుతారు. చాలా పని ఉంది. దగ్గరి దారి ఎవరికి దక్కుతుందన్నదే అసలు సంగతి.

నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ 1977లో తన నడిబొడ్డును 4 భాగాలుగా విడగొట్టింది. ఒక భాగం నుంచి పక్కదానికి కారు నేరుగా వెళ్లలేదు, బయటి రింగు రోడ్డెక్కి చుట్టి రావాలి. సైకిలుకు, పాదచారులకు మాత్రం సూటి దారి. దాంతో దగ్గరి పనులకు సైకిలే త్వరగా చేరుస్తుంది.

తర్వాత భద్రత. రోడ్డు మీద రంగు గీత సైకిలును కాపాడదు, కార్లకూ సైకిళ్లకూ మధ్య గట్టు కావాలి. వీధి మూల బాగా గుండ్రంగా ఉంటే బండి వేగం తగ్గించకుండానే తిరిగేస్తుంది. ఆ మలుపును బిగించి, కాలిబాటను అదే ఎత్తులో పక్క వీధి మీదుగా కొనసాగిస్తే ఎక్కి దిగాల్సింది కారే, నడిచే మనిషి కాదు. నా దృష్టిలో పెట్టిన ఖర్చుకు ఎక్కువ ఫలితమిచ్చే మార్పు ఇదే.

నీడ, కూర్చునే చోటు సరేసరి. కానీ బడి, అంగడి, బస్టాపు నడిచే దూరంలో లేకపోతే కాలిబాట ఖాళీగానే ఉంటుంది. ఇళ్లు ఒకచోట, దుకాణాలు మరోచోట అని విడదీసే జోనింగ్ నిబంధనల్ని ముందు సడలించాలి.