కొత్త మాటను జతతో సహా రాసుకో

పర్లాకిమిడి

చి. అమ్మలుకి,

పెదనాన్న ఆశీస్సులు. రోజుకు యాభై మాటలు బట్టీ పడుతున్నానని రాశావు. పట్టుదల బాగుంది గానీ పద్ధతి నాకు నచ్చలేదమ్మా. ఎడమపక్క ఇంగ్లీషు మాట, కుడిపక్క తెలుగు అర్థం రాసుకుంటే పరీక్ష పేపర్లో గుర్తుపడతావు. ఇంటర్వ్యూలో నోరు తెరిచేసరికి ఒక్కటీ రాదు.

మనకి ఆకలి వేస్తుంది, దాహం వేస్తుంది, చలి వేస్తుంది. గడప దాటి ఒడియాలోకి వెళ్తే ఇవన్నీ ‘లాగుఛి’. నువ్వు రెండూ తడుముకోకుండా మాట్లాడతావు. ఎందుకలా అని ఎవర్నీ అడగలేదు, కలిపి విన్నావు, కలిపే పట్టేశావు. మాటలు ఇలా జతలుగా తిరగడాన్నే ఇంగ్లీషు వాళ్లు కలొకేషన్ అంటారు. టీ ‘స్ట్రాంగ్’, గాలి ‘స్ట్రాంగ్’, వాన మాత్రం ‘హెవీ’. కారణం అడక్కు.

అందుకని రోజుకు ఐదారు మాటలు చాలు, ఒక్కోదానికి అర పేజీ వదులు. ‘డెసిషన్’ రాశావనుకో, దాని కింద ‘మేక్’, ‘రీచ్’, ‘రివర్స్’ రాయి. ‘టేక్’ కూడా వింటావు, తప్పేం కాదు. మర్నాడొకసారి, వారం పోయాక ఒకసారి, నెల తర్వాత ఇంకోసారి ఆ పేజీ మూసి నోటితో చెప్పుకో.

మాటలెక్కడ ఏరుకోవాలంటావా? నీకు ముందే తెలిసిన సంగతిలో. 2018 అక్టోబరు తిత్లీ తుపాను మర్చిపోయే రకం కాదు కదా. నాటి ఇంగ్లీషు వార్తలు నెట్‌లో దొరుకుతాయి. తుపాను ‘మేడ్ ల్యాండ్‌ఫాల్’ (తీరం దాటింది), కుండపోత ‘ట్రిగర్డ్ ల్యాండ్‌స్లైడ్స్’ (కొండచరియలు విరిగేలా చేసింది), ఏరు ‘ఇన్ స్పేట్’ (వరదతో పొంగుతోంది), ఇలాంటి జతలు తుపాను వార్తల్లో మళ్లీ మళ్లీ తగులుతాయి. చదివి ఫోను పక్కన పెట్టు. అదే వార్త నీ ఇంగ్లీషులో రాసి, మళ్లీ తెరిచి పక్కపక్కన పెట్టి చూడు. నువ్వు ‘కేమ్’ అన్నచోట వాళ్లేమన్నారో అక్కడ తెలుస్తుంది. నా లెక్కలో దీన్ని మించిన కసరత్తు లేదు.

మన గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే సవర భాష నేర్చుకున్నారు. అది మాట్లాడేవాళ్ల నోటే విని రాసుకున్నారు. 1938లో అచ్చయిన ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు అలా పుట్టిందే.

నీ ఉత్తరంలో ‘కాజ్డ్ మీ హ్యాపీనెస్’ అని ఒకచోట ఉంది. వ్యాకరణం సరిగ్గానే ఉంది. కానీ ‘కాజ్’ ఎక్కువగా డ్యామేజ్, డిలే, ట్రబుల్ లాంటివాటితో తిరిగే మాట. చదువుతుంటే నీ సంతోషం కూడా ఏదో ప్రమాదం అనిపించింది! ‘మేడ్ మీ హ్యాపీ’ అంటే సరిపోయేది. డిక్షనరీలో అర్థంతో ఆగకుండా కింద ఉదాహరణ వాక్యాలు కూడా చదవమనేది ఇందుకే.

ఇడియమ్స్ దగ్గర తొందరపడకు. వింటే అర్థం కావాలి, వాడటం తక్కువ ఉండాలి. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ గైడు పుస్తకాల్లో ఉన్నంతగా మనుషుల నోట్లో లేదు. ‘కిక్ ద బకెట్’ అంటే చనిపోవడమని నేర్చుకుని సంతాపం ఉత్తరంలో పెట్టావంటే కొంప మునుగుతుంది. ‘పాస్డ్ అవుట్ ఇన్ 2023’ మన దగ్గర డిగ్రీ అయిందని అర్థం, లండన్‌లో స్పృహ తప్పావనుకుంటారు. ‘డిస్కస్’ తర్వాత ‘అబౌట్’ పెట్టడం మాత్రం ఇవాళే మానెయ్.

పెద్ద పెద్ద మాటలకు ముందు ఇంకో పని ఉంది. 2000లో ఆవెరిల్ కాక్స్‌హెడ్ అనే ఆవిడ యూనివర్సిటీ పుస్తకాల్లో తరచూ వచ్చే 570 పద కుటుంబాలను, అంటే ఒకే మూలం నుంచి వచ్చిన మాటల గుంపులను, జాబితా చేసింది. నెట్‌లో ఉచితంగానే ఉంది. అందులో నీకు రానివి టిక్కు పెట్టుకో, ఎక్కడా ఎదురుపడని మాటల జోలికి ఆ తర్వాత వెళ్దువుగాని.

తుపాను మీద నువ్వు రాసింది దిద్దకుండా ఫొటో తీసి పంపు. మీ నాన్నకి బీపీ మాత్రలు మానొద్దన్నానని చెప్పు.

పెదనాన్న